గచ్చుబావిలో తుప్పు మరక

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ పెరళ్ళలో ఇప్పుడు ఈతకొలనులు మామూలైపోయాయి. వాటి తెల్లటి ప్లాస్టర్ మీద మచ్చ కనపడగానే అందరి చూపూ యాసిడ్ సీసా మీదికే పోతుంది. ఆ సీసా మూత తీసే ముందు మరకను కొన్ని ప్రశ్నలు అడగాలి.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున్నే పెరటి తలుపు తీస్తే కొలను అడుగు రంగు మారి కనిపించింది. మెట్ల దగ్గర టీ ఒలికి ఆరిపోయినట్టు లేత గోధుమరంగు పొర. లోతు వైపు ఆవాలు చల్లినట్టు చుక్కలు. నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి, అడుగున పడిన నాణెం మీద బొమ్మ కనిపించేంత తేటగా. పొడుగు కర్రకున్న బ్రష్షు దించి గట్టిగా రుద్దాను. నాచయితే బ్రష్షు తగలగానే పొగలా లేస్తుంది. ఇది లేవలేదు.

మాది టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కో. ఇల్లు కొన్నప్పుడే పెరట్లో కొలను ఉంది. పట్టేది 20,000 గ్యాలన్లు, అంటే సుమారు 75,000 లీటర్లు. మన దగ్గరి లెక్కలో 5,000 లీటర్ల ట్యాంకర్లు పదిహేను రావాలి. ప్లాస్టర్ వేసి అప్పటికి పదకొండేళ్ళు. ఫోన్ చేస్తే ఒక పూల్ కంపెనీ మనిషి వచ్చాడు. గట్టు మీద నిలబడి పది నిమిషాలు చూశాడు. నీళ్ళన్నీ తోడేసి యాసిడ్‌తో కడగాలన్నాడు, అంకె చెప్పాడు, వెళ్ళిపోయాడు. నీళ్ళలో చెయ్యి పెట్టలేదు, ఆ మరక ఏమిటో చెప్పలేదు. ఆ సంగతి నాకిప్పటికీ బాధగానే ఉంటుంది. ఎందుకంటే ఆ రోజు నేను దాదాపు ఒప్పేసుకున్నాను.

ఆపింది మా అమ్మ. ఆర్నెల్లు ఉండడానికి తెనాలి నుంచి వచ్చింది. పొద్దుటి కాఫీ ఆ గట్టు మీదే తాగేది.

“ఏరా, ఏమంటాడు అతను?”

“యాసిడ్ పోసి కడిగితే పోతాయంటున్నాడమ్మా.”

“యాసిడ్ పోస్తే మరకతో పాటు గచ్చూ పోతుందిరా. మన దొడ్లో బాత్‌రూమ్ గచ్చు ఏమైందో మర్చిపోయావా? మీ నాన్న ఏడాదికోసారి యాసిడ్ బుడ్డి తెచ్చి పోసేవారు. తెల్లగా అయ్యేది. మళ్ళీ నెలకల్లా రెట్టింపు మురికి పట్టేది. ఆఖరికి కాలు పెడితే గీరుకునేంత గరుకెక్కిపోయింది.” ఇంకో గుక్క తాగి అంది. “ఇది తుప్పు మరకలా ఉంది. చొక్కాకి తుప్పంటితే ఏం చేస్తాం? నిమ్మచెక్క రుద్దుతాం. అది చూడు ముందు.”

నీళ్ళ అడుగున నిమ్మచెక్క పట్టుకుని కూర్చోవడం కష్టం. వంటింట్లో విటమిన్ సి బిళ్ళలున్నాయి. ఒకటి తీసుకుని రెండో మెట్టు మీద మరకకు అదిమిపెట్టి అర నిమిషం లెక్కపెట్టాను. బిళ్ళ తీస్తే దాని కింద రూపాయి కాసంత మేర తెల్లగా, కొత్త ప్లాస్టర్‌లా మెరుస్తోంది. చుట్టూ మాత్రం అదే గోధుమరంగు.

కొలనుకి సంబంధించి నేను నేర్చుకున్నదంతా ఆ తెల్లటి చుక్క దగ్గరే మొదలైంది.

తెల్లగా కనిపించేది ఏమిటి?

అమ్మ దాన్ని గచ్చు అంది. అంతకన్నా సరైన మాట లేదు. కొలను గోడలకి పూసేది తెల్ల సిమెంటు, పాలరాతి పొడి కలిపిన పూత. మందం అర అంగుళానికి మించదు. మన డంగుసున్నపు గచ్చుకి ఇది దూరపు చుట్టం. రెండింటికీ ప్రాణం సున్నపు ధాతువే. హైదరాబాద్‌లో గచ్చిబౌలికి ఆ పేరు గచ్చు చేసిన బావి వల్లే వచ్చిందని చెబుతారు. అక్కడి ఆఫీసుల్లో పనిచేసి ఇక్కడికొచ్చిన వాళ్ళెందరో ఇప్పుడు తమ పెరట్లో ఒక గచ్చుబావిని చూసుకుంటున్నారు.

ఈ పూత వెనకాల ఉండే గట్టి కాంక్రీటు పెంకును గనైట్ అంటారు. ఇనుప చువ్వల అల్లిక మీదికి గొట్టంతో కాంక్రీటును చిమ్ముతారు. ఆ చిమ్మే యంత్రానికి ఆద్యుడు కార్ల్ ఏక్లీ. చనిపోయిన జంతువుల చర్మాలను బతికున్నట్టు నిలబెట్టే కళలో పేరుమోసినవాడు. చికాగో ఫీల్డ్ మ్యూజియంలో పనిచేస్తూ 1907లో సిమెంటు చిమ్మే తుపాకిని తయారుచేశాడు, 1911లో పేటెంట్ వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో ఇంటింటి కొలనులు పెరగడానికి, వాటికి కావలసిన వంపులు తిరగడానికి ఈ పద్ధతి బాగా తోడ్పడింది.

సున్నం ఉన్నచోట పులుపు చేసే పని మనకు తెలియంది కాదు. పాలరాతి గట్టు మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, అది మరక కాదు, రాయి కరిగిన గుంట. ప్లాస్టర్ మీద యాసిడ్ పోస్తే జరిగేదీ ఇదే. పైపొర కరిగిపోతుంది, దానితో పాటు మరకా పోతుంది. మిగిలిన ఉపరితలం గరుకుగా, సన్నటి గుంటలతో ఉంటుంది. నాచుకీ, కొత్త మరకలకీ అంతకన్నా మంచి చోటు దొరకదు. అర అంగుళం పూత అలాంటి స్నానాలు ఎన్నో తట్టుకోలేదు.

మరకను చూడడం

రంగు మొదటి సాక్షి. కానీ ఒక్క రంగును నమ్మి తీర్పు చెప్పకూడదు. ఎక్కడ పడింది, ఏ ఆకారంలో పడింది అన్నవి రంగుకన్నా ఎక్కువ చెబుతాయి.

ఆకు ఆకారంలోనే ముద్ర పడితే అడగక్కర్లేదు. డాలస్ పరిసరాల్లో ఓక్ చెట్లు, పెకాన్ చెట్లు ఎక్కువ. ఎండాకాలమంతా క్రేప్ మర్టిల్ పూలు రాలతాయి, ఆ పూల చెట్ల తోట మా పక్క ఊరు మెకిన్నీలో ఒకటి పెద్దదే ఉంది. రాలిన ఆకు నాలుగు రోజులు అడుగున పడుకుంటే దానిలోని వగరు దిగి ప్లాస్టర్‌కి పడుతుంది. ఇది టానిన్, టీ డికాషన్‌లో ఉండేదే. ఇలాంటి మరక మీద క్లోరిన్ పొడిని చిన్న గుడ్డ సంచిలో కట్టి కాసేపు ఉంచితే వెలిసిపోతుంది. బట్ట మీద పసుపు ఎంత ఉతికినా పోకుండా రెండు రోజులు ఎండలో ఆరేస్తే పోయినట్టే, ఇవి కూడా క్లోరిన్‌కీ ఎండకీ లొంగుతాయి. మా తమ్ముడి మంగళస్నానాలప్పుడు పసుపు ముద్ద జారి మెట్టు మీద పడింది. పసుపు సున్నంతో కలిస్తే ఎర్రబారుతుంది, దిష్టినీళ్ళు కలిపేవాళ్ళకి తెలిసిందే. మెట్టు మీద ఎర్రటి మచ్చ చూసి పిల్లలు కంగారుపడ్డారు. మూడో రోజుకి దాని జాడ లేదు.

ఆకుపచ్చ కలిసిన నీలం వేరే కథ. మా స్నేహితుడి కొలనులో నీళ్ళు లోపలికొచ్చే గొట్టాల మూతుల చుట్టూ అలాంటి రంగు అలముకుంది. మన రాగిచెంబుకి పట్టే చిలుమే అది. కొలనులోకి రాగి రావడానికి దారులు రెండు. నాచు పోవడానికి వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. రెండోది, నీళ్ళను వేడిచేసే హీటర్ లోపలి రాగి గొట్టాలు. పెద్ద క్లోరిన్ బిళ్ళల్ని నేరుగా, నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్‌లో వేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ బిళ్ళ కరిగిన నీటి పీహెచ్ 3 దగ్గర ఉంటుంది, మంచి పులుపు. పంపు ఆగి ఉన్నంతసేపూ ఆ పుల్లనీళ్ళు స్కిమ్మర్‌లో పోగవుతాయి. పంపు తిరగగానే ఆ పులుపు హీటర్‌లోకి పోయి రాగిని కొరికి, కొలనులో వదులుతుంది. మా స్నేహితుడు ఎనిమిదేళ్ళుగా చేస్తున్నది అదే. మచ్చ పోగొట్టడం కన్నా ముందు ఆ బిళ్ళల్ని నీళ్ళ మీద తేలే డబ్బాలోకి మార్చాల్సి వచ్చింది. చింతపండుతో చెంబు తోమే జాతికి రాగి మరకకు మందేమిటో వేరే చెప్పక్కర్లేదు. పులుపే. నిమ్మ ఉప్పుగా మనకు తెలిసిన సిట్రిక్ ఆమ్లం దాని మీద బాగా పనిచేస్తుంది.

ఊదా, నలుపు కలిసిన మరకలైతే మాంగనీసు అయ్యుండొచ్చు, బోరునీళ్ళు వాడేచోట ఇది కనిపిస్తుంది. నీటి అంచు వెంబడి గీతలా పట్టే జిడ్డు మనుషుల ఒంటి నూనె, సన్‌స్క్రీన్. చేతికి గరుకుగా తగులుతూ తెల్లగా కనిపించేది ఉప్పునీళ్ళ గార. ఇవి పెద్ద చిక్కులు కావు.

అన్నిటికన్నా మోసం చేసేది నలుపు. ఇనుమున్న నీళ్ళలో ఓక్ ఆకులు నానితే గోధుమరంగు రాదు, సిరా రంగు వస్తుంది. కారణం శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళకి ఎప్పుడో తెలుసు. బట్టను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు, అందులో వగరు ఉంటుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన కసిమితో దాని మీద గీస్తే, గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. వగరూ ఇనుమూ కలిసి పుట్టిన ఆ నలుపు ఉతికినా పోదు. కొలను అడుగున కూడా ఆ రంగే తయారవుతుంది. దాని మీద క్లోరిన్ ఒక్కటే వేస్తే సగం పోతుంది, విటమిన్ సి ఒక్కటే వేస్తే ఇంకో సగం. ముందు ఆకు వగరును క్లోరిన్‌తో పోగొట్టి, ఆ క్లోరిన్ తగ్గాక ఇనుము పని పట్టాలి. రెండు పరీక్షలూ విఫలమయ్యాయని నిరాశపడి యాసిడ్ వైపు వెళ్ళేవాళ్ళలో కొందరి దగ్గర ఉన్నది ఈ జోడు మరకే.

ఇనుము ఎక్కడిది?

నా బిళ్ళ పరీక్ష ఇనుమని చెప్పింది. మరి ఫ్రిస్కో మునిసిపాలిటీ నీళ్ళలో అంత ఇనుమెక్కడిది?

లెక్క వేసి చూశాను. తాగేనీటిలో ఇనుము లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని అమెరికా పర్యావరణ సంస్థ సూచన. సరిగ్గా అంత ఉన్నా 75,000 లీటర్లకు దాదాపు 23 గ్రాముల ఇనుము. పైగా టెక్సస్ ఎండకు కొలను నీళ్ళు రోజూ ఆవిరవుతాయి, మళ్ళీ నింపుతూ ఉంటాం. ఆవిరయ్యేది నీరొక్కటే. చినగంజాం ఉప్పుమళ్ళలో జరిగేది ఇదే. ఏళ్ళ తరబడి ఇలా పోగయినది కొంత ఉండొచ్చు. కానీ ఒక్క రాత్రిలో ఆవాల్లాంటి చుక్కలు దీనివల్ల రావు.

జవాబు గడ్డిలో దొరికింది. డాలస్ ప్రాంతపు నేల నల్లరేగడి, అచ్చం మా గుంటూరు వైపు నేలలాంటిదే. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే ఉబ్బుతుంది. సున్నం ఎక్కువ కాబట్టి నేలలో ఇనుమున్నా మొక్కకు అందదు, గడ్డి పాలిపోయి పసుపుపచ్చగా తిరుగుతుంది. అందుకని వసంతంలో ఇనుము గుళికలు చల్లుతారు. ఆ ఏడాది మార్చి ఆఖర్లో నేనూ చల్లాను. మర్నాడు గాలీ వానా వచ్చాయి. గట్టు సిమెంటు మీద పడిన గుళికలు తుప్పు చుక్కలుగా మారాయి, వాటిని నేను అప్పటికే చూశాను. కొలనులో కూడా పడి ఉంటాయని మాత్రం తోచలేదు. నీళ్ళలో పడినవి కరిగి మెట్ల మీద పొరగా, కరగకముందే అడుగుకు చేరినవి చుక్కలుగా తేలాయి.

ఆ రోజు యాసిడ్‌తో కడిగించి ఉంటే పదకొండేళ్ళ ప్లాస్టర్ మీద ఒక పొర పోయేది, మళ్ళీ వచ్చే మార్చిలో నేను మళ్ళీ గుళికలు చల్లేవాణ్ణి.

తీయడం ఒక ఎత్తు, తిరిగి రాకుండా చూడడం ఇంకో ఎత్తు

తుప్పులో ఉన్న ఇనుము నీళ్ళలో కరగదు. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, దానికో ఎలక్ట్రాన్ ఇచ్చి కరిగే రూపంలోకి మారుస్తుంది. రక్తం తక్కువైనవాళ్ళకి ఇనుము మాత్రలు నిమ్మరసంతో వేసుకోమని చెప్పడం వెనకా ఇదే కిటుకు, కరిగితేనే ఒంటికి పడుతుంది. ఈ పద్ధతిలో ప్లాస్టర్ జోలికి దాదాపు పోకుండా మరకొక్కటే కరుగుతుంది. యాసిడ్ వాష్‌కీ దీనికీ తేడా అదే.

క్లోరిన్, విటమిన్ సి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకని ముందు క్లోరిన్ బాగా తగ్గేదాకా ఆగాలి, సున్నా దగ్గరికి వస్తే మంచిది. క్లోరిన్ లేని నీళ్ళకు నాచు భయం కాబట్టి రాగి లేని నాచుమందు ముందే వేసుకోవాలి. ఆ తర్వాత పదివేల గ్యాలన్లకు ఒక పౌను చొప్పున ఆస్కార్బిక్ పొడి. నేను రెండు పౌన్లు, అంటే 900 గ్రాముల పైచిలుకు, మరకలు ఎక్కువగా ఉన్నచోట్ల చల్లుతూ గట్టు చుట్టూ తిరిగాను. పంపు తిరుగుతూ ఉంది. అరగంటకు మెట్లు తెల్లబడ్డాయి. గంటన్నరకు అడుగంతా తెల్లగా ఉంది. మా ఆవిడ పిల్లల్ని పిలుచుకొచ్చి చూపించింది. అమ్మ మాత్రం, “ఇంత నిమ్మకాయ నేనెప్పుడూ పిండలేదు” అంది.

మర్నాడే తప్పు చేశాను. క్లోరిన్ సున్నాలో ఉందన్న కంగారులో సాయంత్రం ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పోశాను. పొద్దున్నకల్లా నీళ్ళు పలచటి టీ రంగు తిరిగాయి. రెండు రోజులకి మెట్ల మీద పొర మళ్ళీ వచ్చింది. అప్పటిదాకా నాకు తట్టని సంగతి ఒకటే. మరక పోయింది కానీ ఇనుము ఎక్కడికీ పోలేదు. గచ్చు మీది నుంచి నీళ్ళలోకి మారింది, అంతే. క్లోరిన్ తగలగానే మళ్ళీ తుప్పయి కూర్చుంది.

రెండోసారి ఓపిక పట్టాను. మరక కరిగిన రోజే లోహాన్ని కట్టిపడేసే సీక్వెస్ట్రెంట్ మందు వేశాను. అది ఇనుమును చుట్టుకుని నీళ్ళలోనే తేలేలా ఉంచుతుంది, గచ్చు మీద కూర్చోనివ్వదు. క్లోరిన్‌ను వారం రోజుల మీద కొద్దికొద్దిగా పెంచాను. పీహెచ్ 7.2 దగ్గర ఉంచి, దానంతటదే మెల్లగా పెరగనిచ్చాను. ఈ మందు శాశ్వతం కాదు, క్లోరిన్ దాన్ని కూడా కొద్దికొద్దిగా విరిచేస్తుంది, మళ్ళీ మళ్ళీ వేస్తూ ఉండాలి. ఇనుము నిజంగా బయటికి పోవాలంటే నీళ్ళు మార్చాల్సిందే. అందుకని వానలు పడే వారాల్లో కొలను నీళ్ళు కొంత కొంత వదిలి, వాననీటితో నిండనిచ్చాను. వాననీటిలో ఇనుముండదు.

ఒకేసారి మొత్తం తోడేయకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఖాళీ కొలను కాంక్రీటు పడవలాంటిది. వానలకు నల్లరేగడి ఉబ్బి, కింద నీరు చేరితే ఆ పెంకు పైకి లేచి పగిలిపోవచ్చు. నీళ్ళు తీసేయక తప్పని పని వస్తే అడుగున ఒత్తిడి వదిలే వాల్వు ఉందో లేదో తెలిసినవాళ్ళ చేత చూపించుకోవాలి, ఎండ తీవ్రంగా లేని రోజులు ఎంచుకోవాలి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. యాసిడ్, క్లోరిన్ ఒకదాంట్లో ఒకటి కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండు రకాల క్లోరిన్ పొడులు కలిసినా మంటలు లేవొచ్చు. ఒకే చెంబు, ఒకే గరిట రెండింటికీ వాడకండి. పక్కపక్కనే పెట్టకండి. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలి తప్ప నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదు.

గచ్చు తన రంగే మార్చుకుంటే

ఏ పరీక్షకూ లొంగని మచ్చలు కూడా ఉన్నాయి. కొత్తగా ప్లాస్టర్ వేసిన కొలనులో బూడిదరంగు మేఘాల్లాంటి మచ్చలు చూసి కొందరు గుండెలు బాదుకుంటారు. అది పైనుంచి పడిన మరక కాదు, సిమెంటు లోపలే తడి సమంగా ఆరక, తాపీతో ఎక్కువ నునుపు చేసినచోట, త్వరగా గట్టిపడడానికి కాల్షియం క్లోరైడ్ ఎక్కువ కలిపినచోట వచ్చే రంగు. మొదటి నెల సరిగా చూసుకుంటే ఇది కొంత తగ్గుతుంది. నీళ్ళు పట్టడం మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు, ఆపితే అక్కడ గీత పడుతుంది. రోజుకి రెండుసార్లు బ్రష్షు చేయాలి. ఆ 28 రోజుల ఓపిక తర్వాతి పదేళ్ళకు పనికొస్తుంది.

నీళ్ళు గచ్చును తింటాయా, గచ్చు మీద గార పేరుస్తాయా అన్నది చెప్పడానికి ఒక లెక్క ఉంది. 1936లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు విల్‌ఫ్రెడ్ లాంజిలియర్ ఊరి నీటి గొట్టాలు తుప్పు పట్టకుండా చూడడానికి కనిపెట్టింది. పీహెచ్, క్షారత, కాల్షియం, వేడి కలిపి చూసే ఆ సూచిక సున్నాకు దగ్గరుంటే నీళ్ళు గచ్చు జోలికి రావు. సున్నం తక్కువున్న నీళ్ళకు సున్నం ఆకలి. అవి గచ్చునే తింటాయి. కాల్షియం లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.4 చుట్టూ ఉంచుకుంటే సగం మరకలకు పట్టే చోటే దొరకదు.

హైదరాబాద్ దగ్గర శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌసుల్లో కొలనులకు ఎక్కువగా టైల్సే వేస్తారు. అయినా టైళ్ళ మధ్య గీతల్లో ఉన్నది సిమెంటే, పోసేది బోరునీరే. బోరునీళ్ళలో ఇనుముంటే ఆ గీతలే ముందు ఎర్రబడతాయి. అక్కడా యాసిడ్ బుడ్డి ముందే బయటికొస్తుంది. అక్కడా బిళ్ళ పరీక్ష పనికొస్తుంది.

అమ్మ జూన్‌లో తెనాలి వెళ్ళిపోయింది. ఆదివారం ఫోన్‌లో కొలను సంగతి అడుగుతుంది. గడ్డి మళ్ళీ పాలిపోతోంది. ఈసారి గుళికలు కాకుండా నీళ్ళలో కలిపే ఇనుము మందు తెచ్చి, గాలి లేని పూట గట్టుకు ఆరడుగులు వదిలి చల్లాను. అడుగంతా తెల్లగానే ఉంది, లోతు వైపు లైటు పక్కన ఒక్క చుక్క తప్ప. శనగగింజంత ఉంటుంది, మధ్యలో వేలికి గుచ్చుకునే మొన ఉంది. విటమిన్ సి పెడితే పోతుంది, నెలకి అక్కడే మళ్ళీ వస్తుంది. అది పైనుంచి పడింది కాదు. గచ్చు వెనకున్న ఇనుప కట్టుతీగ కొస ఒకటి తడికి తుప్పుపట్టి బయటికొస్తోంది. ఉలితో దాని చుట్టూ తవ్వి, కొస కత్తిరించి, మళ్ళీ పూయాలి. నీటిమట్టం దించుకోవడానికి అక్టోబరు మంచి నెల. చిన్న తెల్ల సిమెంటు సంచి కొని గరాజ్‌లో తడి తగలకుండా పెట్టాను.